మస్కట్ మామ

ఆ రోజు పోశవ్వ పెట్టుకున్న పని ఒక్కటే. వారం రోజులు డాబా మీద ఎండబెట్టిన ఐదు కిలోల మిరపకాయలను గిర్నికి తీసుకుపోయి కారం పట్టించుకు రావడం. తొమ్మిదింటికల్లా పోతే గిర్ని ఖాళీగా ఉంటుంది. ఆలస్యమైతే ముందు ఎవరో పసుపు పట్టించుకుంటారు, ఆ తర్వాత ఇంటికొచ్చిన కారం రంగు చూసి కోడలు మమత మూతి తిప్పుకుంటుంది. అందుకని గబగబా చాయ్ తాగి, సంచి భుజాన వేసుకుని, సెంటినరీ కాలనీలోని తమ క్వార్టరు గడప దాటబోతుండగా ఫోన్ మోగింది.

నంబరు మస్కట్‌ది.

పోశవ్వకు యాభై ఎనిమిదేళ్లు. బొగ్గుబాయిలో పనిచేసే భర్త జబ్బు చేసి పోయినప్పుడు కొడుకు ప్రశాంత్‌కు తొమ్మిదేళ్లు. పిల్లవాణ్ణి కమాన్‌పూర్‌లో ఉండే మరిది ఆగయ్య ఇంట్లో వదిలి ఆమె మస్కట్ పోయింది. అక్కడ ఒకే ఇంట్లో, ఒకే ముసలామెకు పదిహేడేళ్లు వండిపెట్టింది. ఆ దేశంలో ఇంటి యజమానురాలిని పనివాళ్లు 'మామా' అని పిలుస్తారు. వాళ్లకది అమ్మ లాంటి మాట. పోశవ్వ కూడా అలాగే పిలిచింది. తిరిగొచ్చి ఆరేళ్లయినా ఆ ముసలామె మాట వస్తే 'మామ' అనే అంటుంది. తండ్రి ఉద్యోగం వచ్చిన ప్రశాంత్ ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతున్నాడు. ఆ వారం మాత్రం కంపెనీ ట్రైనింగ్ మీద కొత్తగూడెం పోయి ఉన్నాడు. ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే.

ఫోన్ చేసింది ముసలామె కొడుకు యూసుఫ్. సగం హిందీ, సగం అరబ్బీ కలిపి అతను నెమ్మదిగా చెప్పాడు. అమ్మ పోయి ఇరవై రోజులైంది. పోయేముందు వీలునామాలో పోశవ్వ పేరు రాయించింది. ఎనిమిది వేల రియాళ్లు. అవి నిన్ననే పోశవ్వ బ్యాంకు ఖాతాకు పంపాడు. కాగితాలు ఇంగ్లీషులోకి మార్పించి ఫోన్‌కు పంపుతున్నాడు.

రియాళ్ల సంగతి పోశవ్వ చెవికెక్కలేదు. మిరపకాయల సంచి ఒడిలో పెట్టుకుని గడప మీదే కూలబడింది.

"మామ పోయింది మమతా! పదిహేడేండ్లు ఈ చేతులతోని తినవెట్టిన... నేను లేనప్పుడు పోయింది."

పక్క క్వార్టరు సారవ్వ బట్టలు ఆరేస్తూ ఈ మాట విన్నది. మామ అంటే భర్త తండ్రి. 'పోయిండు' అనాల్సింది దుఃఖంలో 'పోయింది' అంటోంది పాపం అనుకుంది. మధ్యాహ్నానికల్లా వరసలోని మూడు క్వార్టర్ల నుంచి మూడు గిన్నెల పప్పు వచ్చింది. చావు కబురు వచ్చిన ఇంట్లో పొయ్యి వెలగదు కదా. ఎవరు పోయారని అడిగినవాళ్లకు సారవ్వే జవాబు చెప్పింది.

సాయంత్రం మమత కాగితాలున్న ఫోన్ పట్టుకుని వామనరావు ఇంటికి పోయింది.

వామనరావుది మంథని. కంపెనీ అకౌంట్స్ ఆఫీసులో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరై, కాలనీ గేటు అవతల ఇల్లు కట్టుకున్నాడు. జూలై వచ్చిందంటే సగం కాలనీ ఇన్‌కం టాక్స్ రిటర్నులు ఆయన వరండాలోనే తయారవుతాయి. పైసా తీసుకోడు. తీసుకునేది గౌరవం ఒక్కటే, అదీ పూర్తిగా తీసుకుంటాడు. ఆయనకున్న ఇబ్బంది ఏమిటంటే, ఎవరేం అడిగినా తెలియదు అనడానికి నోరు రాదు. కూలర్ పంపు ఎందుకు తిరగడం లేదని అడిగినా ఏదో ఒకటి చెప్తాడు.

మమత చెప్పింది విని ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఫోన్‌లో మొదటి పేజీ మస్కట్ వకీలు రాసిన ఉత్తరం. చిన్న అక్షరాలు. 'మృతులు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట నాలుగుసార్లు ఉంది. ఆ మాటలో ఆడా మగా తెలియదు. కింద 'చట్టం ప్రకారం మూడో వంతు' అని ఉంది. వేలితో పక్కకు జరిపితే రెండో పేజీ ఉంటుందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

"ఇదిగో, స్పష్టంగ రాసిండ్లు. మూడో వంతు. అంటే వచ్చిన దాంట్ల మూడో వంతు సర్కారుకు పన్ను కట్టాలె."

మమత వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎనిమిది వేల రియాళ్లంటే పద్దెనిమిది లక్షలని ఆమె అప్పటికే ఫోన్‌లో లెక్క చూసుకుంది.

"ఆరు లక్షలు కట్టాల్నా సార్?"

"ఫికర్ చెయ్యకు. దారి లేకుండ ఉంటదా? ఇచ్చింది ఎవరు?"

"మామ సార్. అంటే అత్తమ్మ మస్కట్‌ల..."

"మీ అత్తమ్మకు మామ." వామనరావు ముఖం వెలిగింది. "మామగారంటే దగ్గరి చుట్టం. దగ్గరి చుట్టం గిఫ్టు ఇస్తె పన్ను లేదు. చట్టంల ఉన్నది. బయటి దేశం పైసలకు బ్యాంకోళ్లు ఫారం అడుగుతరు, దాంట్ల గిఫ్టు అని రాయి. సంబంధం కాడ మామగారు అని రాయి. అయిపోయె."

"అది కాదు సార్, మామ అంటే..."

"నేను చెప్తున్న కదమ్మా."

లోపలి నుంచి ఆయన భార్య విశాలాక్షమ్మ తల బయటపెట్టింది. "చనిపోయినాయన గిఫ్టు ఎట్ల ఇస్తడండీ?"

"చనిపోకముందే ఇద్దామనుకున్నడు. మనసుల ఇచ్చినట్టే" అన్నాడు వామనరావు.

విశాలాక్షమ్మ తల లోపలికి తీసుకుంది. మమత కూడా పెన్ను అందుకుంది. పన్ను తప్పించడానికి సారు ఏదో పెద్ద లెక్క వేశాడు, ఇంటర్ చదివిన తనకు అది అర్థం కాకపోవడంలో వింత లేదనుకుంది. ఆయన దగ్గరున్న బ్యాంకు ఫారం ఒకటి తీసుకుని ఆయన చెప్పినట్టే నింపింది. పంపినవారి పేరు అన్న చోట మామగారి పేరు రాయమన్నాడు. అత్తమ్మ మామగారి పేరు మమతకు ఎప్పుడూ అవసరం పడలేదు. కమాన్‌పూర్ ఫోన్ కలిపింది.

"చిన్నమామా, మీ నాయిన పేరు కాగితాల మీద ఎట్ల రాస్తరు?"

"కనకయ్య అని రాస్తరు. ఎందుకు బిడ్డా?" అన్నాడు ఆగయ్య.

"ఏం లేదు, బ్యాంకుల పని వడ్డది. మస్కట్ సంది పైసలు వచ్చినయి."

ఆగయ్య ఇంకేదో అడగబోయాడు. అప్పటికే ఫోన్ పెట్టేసింది.

మర్నాడు బ్యాంకులో సంతోషి అనే ఆఫీసరు ఫారం చూసి పోశవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పోశవ్వ సంతకం చేయడం తప్ప ఫారంలో ఏముందో చదవలేదు.

"అమ్మా, ఈ డబ్బు మీ మామగారు పంపారా?"

"అవ్ మేడం. మామ మనసు శాన మంచిది."

"ఆయన మస్కట్‌లోనే ఉంటారా?"

"మామ ఆడ్నే పుట్టింది, ఆడ్నే పోయింది."

సంతోషి ఫారం మళ్లీ చూసింది. "కనకయ్య గారు మస్కట్‌లో పుట్టారా?"

"కనకయ్య ఎవలు?"

"మీ మామగారే కదమ్మా."

"ఓ, మా ఆయన వాళ్ల నాయినా? ఆయన నలభై రెండేండ్ల కింద బట్టలు నేసే సాంచలు నడపనీకి బొంబాయి దిక్కు భీవండి పోయిండు. ఇంకా రాలే" అన్నది పోశవ్వ.

సంతోషి పెన్ను కింద పెట్టింది. పంపినవాడి పేరు కంప్యూటర్లో యూసుఫ్ అని ఉంది, ఫారంలో కనకయ్య అని ఉంది, ఎదురుగా ఉన్న మనిషేమో కనకయ్య భీవండిలో ఉన్నాడంటోంది. ఆమె మర్యాదగానే చెప్పింది. "సరైన కాగితాలు తెచ్చేదాకా ఈ డబ్బు ఖాతాలో వేయలేమమ్మా. వారం లోపల తేకపోతే వెనక్కి పంపాల్సి వస్తుంది."

బయటికొచ్చాక పోశవ్వ కోడలిని అడిగింది. "నడుమ కనకయ్య ఎందుకు వచ్చిండే?"

"సారు రాయుమన్నడు అత్తమ్మా. లేకుంటే ఆరు లక్షలు పన్ను పడ్తదట."

పోశవ్వ కాసేపు ఆలోచించింది. "సారు రాయుమన్నడంటే ఏదో ఉంటది తీ" అని ఆటో ఎక్కింది. నిజానికి ఆమె మనసు ఆటోలో లేదు. యూసుఫ్ కాగితాలతో పాటు పంపిన ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంది. ముసలామె కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. ఒళ్లో పోశవ్వ అల్లిన ఊలు శాలువా.

ఇంటికి పోగానే మమత ఒక్కతే మళ్లీ వామనరావు దగ్గరికి పోయింది. పేర్లు కలవడం లేదని విని ఆయన నవ్వాడు. ఆయన సర్వీసులో ఇలాంటివి కొన్ని వందలు చూశాడు. బాయిలో రాజయ్య, రేషన్ కార్డులో రాజమల్లు, పింఛను కాగితంలో రాజేశం. అందరూ ఒక్కడే అని అఫిడవిట్ వేస్తే పని అయిపోయేది.

"మస్కట్ పోయినంక పేరు మార్చుకున్నడు, అంతే. కనకయ్య అలియాస్ యూసుఫ్, ఇద్దరు ఒక్కరే అని స్టాంపు కాగితం మీద రాయిద్దాం. కుటుంబంల ఒకరు సాక్షి సంతకం చెయ్యాలె. ఆయన కొడుకు ఉన్నడు కద కమాన్‌పూర్‌ల? మా బాగుంటది."

ముసాయిదా ఆయనే రాసి, టైపు చేయించి ఇచ్చాడు. మమత దాన్ని ఫోటో తీసి ఆగయ్యకు వాట్సాప్‌లో పంపింది. 'చిన్నమామా, ఇది చదివి ఆదివారం వచ్చి సంతకం పెట్టున్రి' అని కింద రాసింది.

ఆ ముసాయిదాలో ఉన్నది ఇది: కమాన్‌పూర్ నివాసి కనకయ్య అలియాస్ యూసుఫ్ చాలా సంవత్సరాల క్రితం మస్కట్‌లో స్థిరపడి, ఇటీవల అక్కడే మరణించి, తన కోడలు పోశవ్వకు పద్దెనిమిది లక్షల రూపాయలు ప్రేమతో బహూకరించినాడు.

తండ్రి భీవండి బస్సు ఎక్కినప్పుడు ఆగయ్యకు తొమ్మిదేళ్లు. వచ్చేటప్పుడు వాచీ తెస్తానని చెప్పి పోయాడు. ఒక ఉత్తరం వచ్చింది, రెండు మనియార్డర్లు వచ్చాయి, తర్వాత ఏమీ రాలేదు. పన్నెండేళ్లు గడిచాక, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించెయ్యమని కులపెద్దలు చెప్పారు. అన్న ఒప్పుకున్నాడు. ఆగయ్య ఒప్పుకోలేదు. చూడకుండా ఎట్ల పెడతానన్నాడు. అన్న పోయాక ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. ఆగయ్య పొలం కాడికి పోయినా, కమాన్‌పూర్ సెంటర్లో బస్సు ఆగితే దిగేవాళ్ల ముఖాలు ఇప్పటికీ ఒకసారి చూస్తాడు.

మమత పంపిన ముసాయిదా ఫోటోను ఆయన మూడుసార్లు చదివాడు. భార్య చేత కూడా చదివించాడు. తర్వాత పోయి మంగలి ముందు కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున సెంటినరీ కాలనీలో పోశవ్వ క్వార్టరు ముందు ఆటో ఆగింది. నున్నటి గుండుతో ఆగయ్య దిగాడు. వెనక ఆయన భార్య, కులపెద్ద లింగమూర్తి దిగారు. ఆగయ్య చేతిలో ముసాయిదా ప్రింటు ఉంది.

పోశవ్వ ఆ గుండు చూసి గాబరాపడింది. "అయ్యో ఆగయ్యా, ఎవలు పోయిండ్లు?"

ఆగయ్య చేతిలోని కాగితం పైకెత్తాడు. "నన్నే అడుగుతున్నవా వదినా? పదిహేడేండ్లు మా నాయినకు వండివెట్టి, నాకు ఒక్క మాట చెప్పకపోతివి గదా!"

"ఎవలి నాయినకు?"

"ఏడాదికోసారి వస్తివి. ప్రశాంత్‌కు బట్టలు తెస్తివి, నాకు సెంటు సీసలు తెస్తివి. మా నాయిన బతికే ఉన్నడని చెప్పనీకి నీకు నోరు రాలే! నీ కొడుకును నా కొడుకు లెక్క సాదిన. గిదేనా నాకు చేసింది?"

"నేను మీ నాయిన మొఖమే చూడలేదు ఆగయ్యా! నా పెండ్లికంటే ముందే పాయె!"

"టైపు కొట్టిన కాగితం అబద్ధం ఆడ్తదా?" అన్నాడు లింగమూర్తి.

గోల విని సారవ్వ వచ్చింది. ఆమెతో పాటు ఆ వరసలోని వాళ్లు నలుగురు వచ్చారు. ఆ రోజు పోశవ్వ ఏడ్చిన సంగతి సారవ్వ తన వంతుగా సాక్ష్యం చెప్పింది. "నా చెవులార విన్న. మామ పోయింది, పదిహేడేండ్లు తినవెట్టిన అని ఒకటే ఏడుపు."

"చూసినవా!" అన్నాడు ఆగయ్య. "నాకు పైసలు వద్దు వదినా. పెద్దమనిషిని తెచ్చింది హిస్స కోసం కాదు. మా నాయిన ఆడ ఎట్ల బతికిండు? నన్ను ఎన్నడన్న తల్చుకున్నడా? గది చెప్పు, చాలు."

ఆ మాటకు గుంపు మొత్తం మెత్తబడింది. తనకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియని స్థితిలో పోశవ్వ కోడలి వైపు చూసింది. కోడలు కాగితం వైపు చూసింది. "సారును పిలుచుకొస్త" అని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

వామనరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చావు జరిగిన ఇల్లు కాబట్టి పరామర్శకు విశాలాక్షమ్మ కూడా వచ్చింది. అందరూ లోపలికి జరిగి, ముందుగదిలో ఆయనకు కుర్చీ వేశారు. తను రాసిన అఫిడవిట్ మీద పంచాయితీ అవుతోందని తెలిసి ఆయన కొంచెం సంతోషించాడు కూడా.

"దీంట్ల అనుమానానికి తావే లేదు. ఒరిజినల్ కాగితం చదివి వినిపిస్త" అని మమత ఫోన్ తీసుకున్నాడు. చదవబోతూ అక్షరాలు పెద్దవి చేద్దామని వేలు ఆనించాడు. వేలు జారింది. రెండో పేజీ వచ్చింది.

వామనరావు చదవడం మొదలుపెట్టి, ఇంగ్లీషులో రెండు ముక్కలు చదివి ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత తెలుగులో, ఒక్కో మాటా పరీక్షగా పలుకుతూ చెప్పాడు.

"నేను... జువైనా అనే పేరు గల స్త్రీని... వయసు ఎనభై నాలుగు... మా చట్టం ప్రకారం, వారసులు కాని వాళ్లకు నా ఆస్తిలో మూడో వంతుకు మించి రాయడానికి వీలులేదు. ఆ మూడో వంతులోంచి, నాకు పదిహేడేళ్లు వంట చేసిన, అందులో చివరి నాలుగేళ్లు తన చేత్తో తినిపించిన బోశవ్వకు ఎనిమిది వేల రియాళ్లు ఇస్తున్నాను. ఆమె నాకు బిడ్డ వంటిది. మామిడికాయ పప్పు మాత్రం కారం ఎక్కువ చేస్తుంది."

అరబ్బీలో 'ప' లేదు కాబట్టి ఆ ఇంట్లో పోశవ్వ చివరిదాకా బోశవ్వే.

పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎన్నడు చెప్పలే" అన్నది. "కారం ఎక్కువైందని ఒక్కనాడు చెప్పలే మామ. చెమటలు కారుకుంట తినేది."

"స్త్రీయా?" అన్నాడు లింగమూర్తి.

"మామ అంటే ఆడ అమ్మ అన్నట్టు" అన్నది పోశవ్వ. ఫోన్‌లో ఫోటో తీసి ఆగయ్యకు చూపించింది. "గీమె. మీ నాయిన కాదు ఆగయ్యా. మీ నాయిన సంగతి నాకు తెలిస్తె, ఆ పొద్దే విమానం ఎక్కి వచ్చి నీకు చెప్పకపోదునా?"

ఆగయ్య ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. అరచేత్తో గుండు నిమురుకుని, మెల్లగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. విశాలాక్షమ్మ వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

కాసేపు పోయాక లింగమూర్తి, వచ్చిన పెద్దరికానికి ఏదో ఒకటి అడగాలి కాబట్టి, అసలు ప్రశ్న అడిగాడు. "మూడో వంతు పన్ను కాదంటున్నరు. మరి పన్ను ఎంత సారూ?"

అందరూ వామనరావు వైపు తిరిగారు. ఆయన పంకా వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు, తను రాసిన అఫిడవిట్ ముసాయిదా వైపు చూశాడు.

"నాకు తెలియదు" అన్నాడు.

విశాలాక్షమ్మ చేతిలోని చెంబు కొంచెం ఒలికింది. పెళ్లయి నలభై ఏళ్లలో ఆమె ఆ మాట వినడం అదే మొదలు. ఆయనకు ఒంట్లో బాగానే ఉందా అని ఒకసారి ముఖంలోకి చూసి, ఆ తర్వాత నెమ్మదిగా అన్నది. "అన్విత ఉన్నది కదండీ."

అన్విత వామనరావు తమ్ముడి కూతురు. కరీంనగర్‌లో చార్టర్డ్ అకౌంటెంటు. రిటర్నుల విషయంలో ఆమెను సలహా అడగడం ఆయన ఇన్నాళ్లూ నామోషీగా భావించాడు. ఇప్పుడు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, సంగతంతా చెప్పాడు. అటునుంచి జవాబు రావడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"ఏం పన్ను లేదు పెదనాన్నా. మన దేశంలో వారసత్వంగా వచ్చినదానికి గానీ, వీలునామాతో వచ్చినదానికి గానీ పన్ను ఉండదు. ఇచ్చినోళ్లు చుట్టమా, బయటివాళ్లా, ఈ దేశమా, ఆ దేశమా అని చూడరు. మస్కట్‌లో కూడా అట్లాంటి పన్ను లేదు."

"పద్దెనిమిది లక్షలకు రూపాయి కూడ లేదా?" అన్నాడు లింగమూర్తి. ఆయన గొంతులో నమ్మకం లేదు.

"రూపాయి కూడా లేదు. ఆ డబ్బు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ ఉంటది చూడండి, అది ఆదాయం. దాన్ని రిటర్నులో చూపించాలె. వీలునామా కాగితాలు జాగ్రత్తగా దాచుకొమ్మనండి. ఒక్కటే జాగ్రత్త, ఎక్కడా పొరపాటున గిఫ్టు అని రాయొద్దు. చుట్టం కాని మనిషి యాభై వేలు దాటి గిఫ్టు ఇస్తే మొత్తం ఆదాయం కింద లెక్కకడతరు. ఈ కేసులో లక్షా అరవై వేలకు పైనే కట్టాల్సి వచ్చేది."

మమత "అయ్యో" అని నాలుక కరుచుకుంది. అన్వితకు ఏదో అనుమానం వచ్చింది.

"గిఫ్టు అని ఎవరైనా ఆల్రెడీ రాసిన్రా?"

వామనరావు నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు పోశవ్వ మాట్లాడింది.

"నేనే రాపిచ్చిన బిడ్డా. చదువు రానిదాన్ని, ఎర్కలేక రాపిచ్చిన. రేపు పోయి మార్పిస్త."

"అయితే ఏం కాదు, రేపే మార్పించండి" అన్నది అన్విత.

వామనరావు కుర్చీలోంచి లేచి వెళ్లి పోశవ్వ పక్కన, గచ్చు మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా నలిగింది.

లేచేముందు ఆగయ్య గుండెలోని మరో బరువు బయటపెట్టాడు. చావు కబురు వచ్చిన నాటి నుంచి బుధవారం పదకొండో రోజని లెక్క వేసుకుని, కమాన్‌పూర్‌లో పద్నాలుగు ఇండ్లకు భోజనాలు చెప్పేశాడు. మేకను కొని కట్టేశాడు కూడా. ఇప్పుడు వద్దంటే ఊళ్లో తల ఎత్తుకోలేడు. ఉన్న తల కూడా ఇప్పుడు దూరం నుంచే కనపడుతోంది.

"వద్దనుడు ఎందుకు?" అన్నది పోశవ్వ. "మామకు ఇక్కడ నేను తప్ప ఎవలున్నరు? ఆమె పేరు మీద పెడదాం."

ఆగయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇద్దరి పేరు మీద పెడదాం వదినా. గుండు చేసుకున్న పొద్దు, నలభై రెండేండ్ల సంది నెత్తిమీదున్న మూట దించినట్టయింది. ఇప్పుడు మల్ల బస్సులకు అడ్డం నిలవడుమంటె నాతోని కాదు."

ఎవరూ కాదనలేదు. డబ్బు రాగానే ఆగయ్య పొలంలో బోరు వేయిస్తానని పోశవ్వ అన్నది. వద్దన్నాడు. కొడుకును సాదిన ఇంటికి నీళ్లు కూడా ఇయ్యొద్దా అని ఆమె గట్టిగా కసిరితే, సరే అన్నాడు. రాత్రి ఫోన్‌లో ఇదంతా విన్న ప్రశాంత్‌కు సగమే అర్థమైంది. "నేను నాలుగు రోజులు లేకపోతె తాత ముస్లిం అయి చచ్చిపోయిండా?" అని మాత్రం అడిగాడు.

సోమవారం వామనరావు తానే వెంట వెళ్లాడు. సంతోషి ముందు నిలబడి, ముందు ఇచ్చిన ఫారం తప్పని, తప్పు తనదేనని చెప్పాడు. కొత్త ఫారంలో వీలునామా ద్వారా వచ్చిన సొమ్ము అని రాసి, రెండు పేజీలూ జతచేశారు. రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో పడింది.

బుధవారం కమాన్‌పూర్‌లో భోజనాలు బాగా జరిగాయి. గోడకు ముసలామె ఫోటో ఒకటి, పక్కన ఫోటో లేని కనకయ్య పేరు రాసిన కాగితం ఒకటి పెట్టి, రెండింటికీ దండలు వేశారు. పోశవ్వ మామిడికాయ పప్పు తానే వండి, కారం తగ్గించి వేసి, ఫోటో ముందు పెట్టింది. వామనరావుకు, విశాలాక్షమ్మకు విడిగా శాకాహారం వండించారు. పన్నెండు రోజుల కింద ఎవరికీ తెలియని జువైనా అనే మనిషి గురించి ఆ రోజు పద్నాలుగు ఇండ్ల వాళ్లు గౌరవంగా మాట్లాడుకున్నారు.

చేతులు కడుక్కుంటున్న వామనరావు దగ్గరికి అంజి అనే పాలోళ్లాయన, ఆగయ్యకు దాయాది, వచ్చి, పక్కకు పిలిచాడు.

"సారూ, మా మేనత్త దుబాయిల ఉంటది. పిల్లలు లేరు. నేనంటె శాన ఇష్టం. ఆమె సొమ్ము నాకు వస్తె పన్ను ఎంత పడ్తది?"

"ఎప్పుడు పోయింది?"

"పోలేదు సారూ. మంచిగున్నది. నిన్ననే మాట్లాడిన."

"పన్ను ఇప్పుడేం లేదు. ఇష్టం ఉన్నది కద, వారానికోసారి ఫోన్ చేసి మంచిగ మాట్లాడు" అన్నాడు వామనరావు.

ఈ జవాబు కోసం మాత్రం ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదు.